షరీఫున్నీసా నాలుగు నెలల పది రోజులు

షరీఫున్నీసా పదకొండేళ్ళ నౌకరీలో ఒక్క రోజు జబ్బు సెలవు పెట్టలేదు. మెచ్చుకోవడానికి చెప్పడం లేదు. ఇప్పటికీ ఆ సంగతి తలుచుకుంటే దాని వీపు మీద ఒకటి వేయాలనిపిస్తుంది. జబ్బులు రాక కాదు. ఒక చలికాలం మలేరియా వణుకుతోనే బడికొచ్చి, మొదటి పీరియడుకి ఒక్క దెబ్బ కొట్టాల్సిన గంటని చెయ్యి నిలవక నాలుగు కొట్టింది. పిల్లలంతా ఇంటర్వెల్ అనుకుని బయటకు పరిగెత్తారు. పెద్ద టీచరమ్మ వరండాలోకి వచ్చేసరికి ఇది గంట కిందే కూలబడి, "తప్పయింది మేడం, రేపట్నుంచి సరిగ్గా కొడతా" అంది. రేపు రానని మాత్రం అనలేదు.

మాది ఆత్మకూరులో ఆడపిల్లల బడి. జీతాల గ్రాంటు సర్కారుది, పెత్తనం ఊళ్ళో పెద్దమనిషి రామనారాయణ గారిది. ఆయన్ని కరస్పాండెంటు అనేవాళ్ళం. ఆయాలం ఇద్దరం. ఊడవడం, పోస్టాఫీసుకీ బ్యాంకుకీ కాగితాలు మోయడం నా వంతు. నీళ్ళు, గంట, చిన్న తరగతుల పిల్లల్ని కనిపెట్టుకోవడం షరీఫున్నీసా వంతు. నేను మూడో తరగతి దాకా చదివాను, తెలుగు అక్షరం కూడబలుక్కోగలను. తనది వేలిముద్ర.

దాని మొగుడు సుభాను ఉదయగిరిలో కొయ్య గరిటెలు చెక్కేవాడు. ఇది వారమంతా ఆత్మకూరు బస్టాండు వెనక ఒక గదిలో ఉండి, శనివారం మధ్యాహ్నం బస్సుకి ఉదయగిరి పోయేది. సోమవారం తెల్లవారి బస్సుకి తిరిగొచ్చేది. అత్త మస్తాన్‌బీ అక్కడే కొడుకు దగ్గర ఉండేది. డెబ్బయి నాలుగులో దీనికి ఒక మగపిల్లాడు పుట్టాడు. పుట్టిన ఇరవై ఒకటో రోజుకి పాలిచ్చే తల్లి బిడ్డని అత్త దగ్గర వదిలేసి వచ్చి కడవ ఎత్తుకుంది. మూడో నెలలో బిడ్డ పోయాడు. ఆ తర్వాత ఎప్పుడో మా క్లర్కు కొండలయ్య మాటల్లో, కాన్పుకి జీతంతో మూడు నెలలు సెలవు ఉంటుంది గదా అన్నాడు. షరీఫున్నీసా వింది. "అవునా సార్" అని కుండలో నీళ్ళు వంచుకుంటా పోయింది. ఆ రోజు కొండలయ్యని నేను తిట్టిన తిట్లు ఇక్కడ రాయకూడదు. చెప్పాల్సిన రోజు చెప్పని మాట ఎందుకు, ఉప్పేసి ఊరబెట్టుకోవడానికా?

అందుకే ఎనభయ్యో సంవత్సరం, రంజాను పండగయిన మూడో వారం, సుభాను చచ్చిపోయినప్పుడు, ఈసారి దాని సెలవు దానికి ఇప్పించి తీరాలని నేను పట్టుబట్టాను. అసలు కథ అక్కడ మొదలైంది.

సుభాను గరిటెల కొయ్య కోసం కోట కొండెక్కి, వాన తడిసిన బండ మీద జారాడు. మూడు రోజులు బతికాడు. కొండ మీద కట్టె కొట్టడానికి అడివి ఆఫీసు పర్మిట్టు ఉండాలి. అతని దగ్గర లేదు. ఆ వీధిలో ఎవరి దగ్గరా ఉండేది కాదు. శవం లేచిన రోజే మస్తాన్‌బీ గోడకి ఆనించి ఉన్న నాలుగు దుంగల్నీ పక్కింటి వాళ్ళ గడ్డివాము కింద దాచింది. ఏడుస్తూనే దాచింది.

నేను మూడో రోజు పోయాను. షరీఫున్నీసా తెల్ల చీరలో, చేతులకి గాజుల్లేకుండా, లోపలి గదిలో చాప మీద కూర్చుని ఉంది. వాకిలికి దుప్పటి కట్టారు.

"అక్కా, బళ్ళో ఏం చెప్పినావు?" అంది.

"ఏం చెప్పేది. మొగుడు పోయినాడని చెప్పినా. వారం రోజులు క్యాజువల్ లీవు రాసినారు."

"వారం చాలదక్కా. ఇద్దత్తు కూర్చోవాల. నాలుగు నెలల పది రోజులు."

వాళ్ళలో అది ఆచారం. మొగుడు పోయిన ఆడది అతని ఇంట్లోనే ఆ నాలుగు నెలల పది రోజులూ గడప దాటకుండా, పరాయి మగవాడి కంట పడకుండా కూర్చోవాలి. నౌకరీ పోతుందేమో, కొన్నాళ్ళు కూర్చుని వచ్చేయరాదా అని నేను మెల్లిగా అన్నాను. మస్తాన్‌బీ పొయ్యి దగ్గర్నుంచి విన్నది.

"ఆదిశేషమ్మా, నీ మొగుడికి నువ్వు పదకొండు రోజులు చేసినావు, పన్నెండో రోజు చీపురు పట్టినావు. నేనేమన్నా అన్నానా? నా కొడుకుకి ఇది తక్కువ చేస్తే నేను ఈ వీధిలో తల ఎత్తుకోలేను. పోతే పోనీ నౌకరీ."

"నౌకరీ పోతే తింటానికి నీ గరిటెలు కొరుక్కుంటావా పెద్దమ్మా?"

"కొరుక్కుంటా. పళ్ళుండాయి ఇంకా."

నేను లేచేటప్పుడు షరీఫున్నీసా నా కొంగు పట్టుకుని, "నౌకరీ పోనీయబాక అక్కా. నాకింకేం ఉండాది" అంది.

మరునాడు కొండలయ్యని పట్టుకున్నాను. ఆయన రూల్సు పుస్తకం తెరవకుండానే చెప్పాడు.

"మొగుడు చస్తే సెలవని యాడా లేదు ఆదిశేషమ్మా. పెళ్ళాం చచ్చినా లేదు. మొగోళ్ళకి దాంతో పని కూడా లేదులే, పెద్దకర్మ కాంగానే ఇంకోదాన్ని చూసుకుంటారు."

"నీ హాస్యం తగలెయ్య. ఏం ఉండాదో అది చెప్పు సామీ."

"జబ్బుకి ఉండాది. సగం జీతం మీద. ఏడాదికి ఇన్నని జమ పడతాయి. ఆమె ఎప్పుడూ వాడుకోలా, ఆర్నెల్లు పడుకున్నా మిగులుతాయి. డాక్టరు కాగితం తే."

కామెర్లు అని రాయించమన్న సలహా నాదే. కామెర్లంటే పథ్యం, పసరు, నెలల తరబడి మంచం, ఎవరూ అడగరు. ఒక డాక్టరు రాసిచ్చాడు. ఒకేసారి అంత రాయను, రెండు నెలలకి రాస్తానన్నాడు. మిగతాది తర్వాత పొడిగించుకోవచ్చు, దానికి ఆఫీసు నుంచి ఒక ఫారం పోతుంది, దాని మీద వేలిముద్ర వేయించి పంపాలి, అని కొండలయ్య చెప్పాడు. ఫారం వచ్చినప్పుడు నేనే తీసుకుపోయి వేయిస్తానన్నాను.

అర్జీ పట్టుకుని ఆదివారం ఉదయగిరి పోయాను. షరీఫున్నీసా బొటనవేలికి సిరా పూసుకుని, కాగితం మీద పెట్టబోయి ఆగింది.

"నాకేం జబ్బని రాసినారు?"

"కామెర్లు."

తన రెండు చేతులూ తిప్పి చూసుకుంది. "పసుపు యాడుండాదక్కా?"

"పసుపుతో నీకేం పని, వేలు పెట్టు."

పెట్టింది. సెలవు మంజూరైంది. పదకొండేళ్ళలో మొదటిసారి. నేను బడి వరండా ఊడుస్తూ చాలా గర్వపడ్డాను. దాని గంట కూడా నేనే కొట్టాను, నీళ్ళు కూడా నేనే మోశాను, ఒక్కమాట అనలేదు.

అక్టోబరులో కొండలయ్య గిలక దించుకున్నాడు. గిలక అంటే హెర్నియా. నెల్లూరులో ఆపరేషన్, రెండున్నర నెలలు మెడికల్ లీవు. ఒక కాగితం ఇచ్చి పోయాడు, ఎవరూ ఆయన కడుపు చీల్చి చూడలేదు. ఆయన బదులు రామనారాయణ గారి ఇంటి గుమాస్తా మధ్యాహ్నాలు వచ్చి కాగితాలు చూసేవాడు. చేతికి ఉంగరాలు, నోట్లో వక్క. షరీఫున్నీసా ఫారం ఎప్పుడొస్తుందయ్యా అని నేను అడిగితే, తలెత్తకుండా, "ఆఫీసు సంగతులు ఊడ్చేదానికెందుకు?" అన్నాడు.

నేను రెండోసారి అడగలేదు. ఒకసారి కసిరినవాడి ముందు మళ్ళీ నిలబడే అలవాటు నాకు పుట్టుకతో లేదు. ఫారం వచ్చినప్పుడు వాడే నన్ను పిలుస్తాడు, నేను కాక ఉదయగిరి ఎవడు పోతాడు అనుకున్నాను. ఆ నెలాఖరున గుమాస్తా నాలుగు కవర్లు ఇచ్చి రిజిస్టరు చేయించుకు రమ్మన్నాడు. అన్నీ ఇంగ్లీషు టైపు. పోస్టాఫీసులో తూకం వేయించి, స్టాంపులు నా ఉమ్మితోనే అంటించి, రసీదులు తెచ్చి ఇచ్చి, తపాలా పుస్తకంలో సంతకం పెట్టాను. నవంబరులో ఇంకోసారి అట్లాగే.

పీర్ల పండగ నెలలో ఉదయగిరి పోయాను. షరీఫున్నీసా చిక్కిపోయి ఉంది, కానీ నిమ్మళంగా ఉంది. దుప్పటి చాటున కూర్చుని గరిటెలకి గరుకు కాగితం రుద్దుతోంది. మస్తాన్‌బీ నాకు టీ ఇచ్చి, ఒక ఘనకార్యం చెప్పినట్టు చెప్పింది.

"పోస్టు నరసింహ రెండుసార్లు వచ్చినాడు. దీని పేరు మీద రిజిస్టరు. సంతకానికి దాన్నే బయటికి రమ్మంటాడు. ఇద్దత్తులో ఉండేదాన్ని నీ ముందుకి ఎట్టా పంపేదిరా అన్నా. 'నేను కళ్ళు మూసుకుంటా అవ్వా, దుప్పట్లోంచి వేలొక్కటి బయట పెట్టమను' అంటాడు. 'కళ్ళు మూసుకుంటే వేలు యాడుండాదో నీకెట్టా తెలస్తాదిరా, నీ మొకం' అన్నా."

మేమిద్దరం నవ్వాము. చాప మీద షరీఫున్నీసా కూడా నవ్వింది. మొగుడు పోయాక అది నవ్వగా నేను చూడటం అదే.

"ఏం కాగితం అది?" అన్నాను.

"ఇంకేముంటాది. అడివోళ్ళది. వాడు చచ్చినా కేసు చావలా. కట్టె కొట్టినందుకు పెళ్ళాం పేరు మీద రాసుంటారు. పోయినేడు మూలింటి అల్లాబకాషు అట్టాగే సంతకం పెట్టి తీసుకున్నాడు, మూడు వాయిదాలు తిరిగినాడు. తీసుకోకపోతే వాళ్ళేం చేస్తారు? రెండుసార్లూ తిప్పి పంపించినా."

ఆ వీధికి రిజిస్టరు కవరు వచ్చిందంటే అడివి కేసే. అక్కడ అందరికీ తెలిసిన సంగతి అది. దుప్పటి చాటు నుంచి షరీఫున్నీసా, "నాకు తీసుకుందామనే ఉన్నిందక్కా. అమ్మీ వద్దనింది" అంది.

"మంచి పని చేసినావు పెద్దమ్మా" అన్నాను నేను. ఈ నోటితోనే అన్నాను.

జనవరి మొదటి వారంలో ఇద్దత్తు ముగిసింది. ఆ మరుసటి రోజే షరీఫున్నీసా తెల్లవారి బస్సుకి వచ్చింది. నేను గేటు దగ్గరే పట్టుకుని లోపలికి పోవద్దన్నాను. వారం ముందే బళ్ళో కొత్త ఆయాని పెట్టారు. హన్నమ్మ, రామనారాయణ గారి ఆవుల్ని కాచేవాడి పెళ్ళాం. అప్పటికి నేను గుమాస్తాతోనూ పెద్ద టీచరమ్మతోనూ గొంతు పోయేలా అరిచి ఉన్నాను. టెంపరవరీ అన్నారు. టెంపరవరీ అని నేను నమ్మాను.

షరీఫున్నీసా నా చెయ్యి విడిపించుకుని లోపలికి పోయింది. హన్నమ్మ గంట కర్ర పట్టుకుని నిలబడి ఉంది. దీన్ని చూసి కర్ర ఎక్కడ పెట్టాలో తెలియక వెనక దాచుకుంది. దాన్ని అనడానికి నాకు నోరు రాలేదు. దాని చంకలో పాలుతాగే బిడ్డ ఉంది.

కొండలయ్య ఆపరేషన్ అయి ఆ వారమే తిరిగొచ్చాడు. బీరువాలోంచి ఫైలు తీశాడు. అందులో రెండు కవర్లు, రెండింటి మీదా అడ్డంగా నరసింహ రాత. అది తెలుగులో ఉంది, నేను చదివాను. 'తీసుకోవడానికి నిరాకరించారు.'

"తెరవండి సార్" అంది షరీఫున్నీసా.

మొదటి కవరు కొండలయ్య చదివి తెలుగులో చెప్పాడు. సెలవు రెండు నెలలకి ముగుస్తోంది. పొడిగించాలంటే దీంతో పంపిన ఫారం మీద వేలిముద్ర వేసి, డాక్టరు కాగితంతో పదిహేను రోజుల్లో పంపాలి. కవరులో ఫారం ఉంది. మడత కూడా విప్పలేదు. రెండో కవరు, ఇంకో వారంలో జవాబు రాకపోతే పని వదిలి వెళ్ళిపోయినట్టు లెక్క అని. ఆ వారం గడిచాక, నౌకరీ తీసేస్తూ బడి కమిటీ తీర్మానం.

"వేలిముద్రా?" అంది షరీఫున్నీసా.

"అంతే. ఒక్క వేలిముద్ర."

కొండలయ్య నా వైపు తిరిగాడు. "నువ్వే గదమ్మా రిజిస్టరు చేయించింది? తపాలా పుస్తకంలో నీ సంతకం ఉండాది. నువ్వు చెప్పుంటావని గుమాస్తా అంటా ఉండాడు."

నా సంతకం నాకు గుర్తే. మూడో తరగతి చదివినదాన్నని ఒత్తులన్నీ పెట్టి, కిందికి గీత గీసి మరీ చేస్తాను.

షరీఫున్నీసా కవర్లు రెండూ చేతిలోకి తీసుకుని, తిప్పి చూసి, "ఇప్పుడు వేస్తా సార్, ఆ వేలు" అంది. కొండలయ్య ఫైలు కట్టేశాడు.

నెల్లూరులో పైఆఫీసరుకి అర్జీ పెట్టుకున్నాం. కొండలయ్యే రాశాడు, తప్పు దిద్దుకోవాలని కాబోలు బాగానే రాశాడు. ఆరు నెలలకి పిలుపు వచ్చింది. నేను తోడు పోయాను. బస్సులో ఆత్మకూరు నుంచి నెల్లూరు దాకా ఒకే పాఠం చెప్పాను. "కామెర్లు వచ్చినాయి, మంచం మీద ఉన్నా, లేవలేకపోయినా, అందుకే పోస్టు తీసుకోలా. అదొక్కటే మాట. ఇంకేం చెప్పబాక."

"అట్టాగే అక్కా."

ఆఫీసరు మంచివాడు. మమ్మల్ని కుర్చీల్లో కూర్చోమన్నాడు. ఆయాల్ని కుర్చీలో కూర్చోబెట్టిన ఆఫీసరుని నేను అంతకు ముందు చూడలేదు. ఫైలంతా చదివాడు.

"చూడమ్మా, పోస్టు కాదన్నా అందినట్టే లెక్క. కానీ మంచంలో ఉన్న మనిషి లేచి రాలేకపోయిందంటే అది వేరే మాట. పదకొండేళ్ళు సెలవే పెట్టలేదు నువ్వు. జబ్బు సెలవు నీ హక్కు. నేను బడివాళ్ళకి రాయగలను. ఒక్కటి చెప్పు. ఆ నెలల్లో నీకు కామెర్లు ఉన్నాయా?"

నేను కాలితో దాని కాలు తొక్కాను.

షరీఫున్నీసా తన కాలు పక్కకి లాక్కుంది. తర్వాత, "లేదు సార్" అంది. "మా ఇంటాయన చచ్చిపోతే ఇద్దత్తు కూర్చున్నా."

ఆయన కలం మూత పెట్టాడు. "ఇది నా ముందు చెప్పకుండా ఉండాల్సింది" అన్నాడు. కోపంగా కాదు, నీరసంగా అన్నాడు. "మొగుడు పోతే కూర్చునే సెలవు నా పుస్తకంలో లేదమ్మా. జబ్బుకి ఉంది, నీకు జబ్బు లేదంటున్నావు. దొంగ కాగితమని నేను రాస్తే పోలీసుల దాకా పోతుంది. అది రాయను. ఇంటికి వెళ్ళు."

బయట వేపచెట్టు కింద దాన్ని నేను తిట్టాను. నాలుగు వీధులు వినేట్టు తిట్టాను. కామెర్లని ఒక్క మాట అనడానికి నీ నోరు పడిపోయిందా అన్నాను. వేలిముద్ర వేసినప్పుడు లేని నిజం ఇప్పుడు యాడ్నుంచి ఊడిపడింది అన్నాను.

"కాగితం అబద్ధం చెప్పిందక్కా, నేను చెప్పలా" అంది. "ఆయన మొకం చూసి అడిగినాడు. ఆ నాలుగు నెలలూ మా ఇంటాయన కోసం కూర్చున్నా. కాదు, కామెర్లకి కూర్చున్నానని చెప్తే, ఇంక కూర్చున్నదెందుకు?"

నేను ఇంకా తిట్టాను. తిరుగు బస్సులోంచి ఆత్మకూరులో నేను దిగాను. బస్టాండు వెనక గది ఖాళీ చేసి అప్పటికే చాలా నెలలు, అది ఉదయగిరి దాకా టిక్కెట్టు తీసుకుంది.

తర్వాత అది చేసిన పని గరిటెలకి గరుకు కాగితం రుద్దడం. చెక్కేవాడు వేరే ఇంటివాడు, ఇది రుద్ది నునుపు చేసి ఇచ్చేది, డజనుకింతని. పదకొండేళ్ళు కడవలు మోసిన చేతులు పొడికి పగిలిపోయాయి. మస్తాన్‌బీ ఎనభై మూడులో పోయింది. పోయే ముందు నన్ను పిలిపించి, ఆ కవరు అడివోళ్ళదే అనుకున్నా ఆదిశేషమ్మా అంది. నేనూ అట్టాగే అనుకున్నా పెద్దమ్మా అన్నాను.

ఎనభై అయిదులో నాకు టైఫాయిడ్ వచ్చింది. నలభై రోజులు మెడికల్ లీవు పెట్టాను. కొండలయ్య ఇంటికే వచ్చి ఫారం మీద సంతకం పెట్టించుకుపోయాడు. షరీఫున్నీసా బత్తాయిలు తీసుకుని చూడటానికి వచ్చింది, నా మంచం పక్కన రెండు రోజులు ఉండి జావ కాచి పోసింది. ఆ రెండు రోజుల కూలి దానికి పోయింది. బడి మాట ఎత్తలేదు, నేనూ ఎత్తనివ్వలేదు.

ఎనభై ఏడులో, బడికి వేసవి సెలవులు ఇంకా ఇవ్వకముందు, నేను పోయేసరికి అది వసారాలో కూర్చుని గరిటెలు రుద్దుతోంది. నుదురు మీద చెయ్యి పెడితే పెనంలా ఉంది. కళ్ళు చూశాను. పచ్చగా ఉన్నాయి. గోళ్ళు, అరచేతులు, అన్నీ పచ్చగా ఉన్నాయి.

"ఎన్నాళ్ళనుంచి ఇట్టా ఉండావు?"

"పది దినాలుంటాది."

"పడుకోకూడదా?"

"శుక్రవారం లోపల ఆరు డజన్లు ఇయ్యాల అక్కా. చెక్కేటాయన రేపు పొద్దున వస్తాడు."

పక్క వీధిలో పసరు పోసేవాడి దగ్గరికి తీసుకుపోతానంటే వస్తానంది, ఈ డజను అయినాక. నేనూ ఒక గరుకు కాగితం ముక్క తీసుకుని పక్కన కూర్చున్నాను. త్వరగా అవుతుంది కదా అని. అయ్యేసరికి పొద్దు గూకింది, పసరు మనిషి పొద్దు గూకాక పోయడు. మర్నాడు పోశాడు. ఆలస్యమైందన్నాడు.

పసరు పోసిన ఎనిమిదో రోజున షరీఫున్నీసా పోయింది. కొండ కింద, సుభాను పక్కనే పెట్టారు. నేను ఆ రోజు బడికి కాగితం పంపి క్యాజువల్ లీవు పెట్టాను. కారణం అని ఉన్న చోట ఏం రాయాలో తెలియక ఖాళీగా వదిలాను. కొండలయ్య సొంత పని అని రాసుకున్నాడట.